గెలిచినా ఓడినా ఆయనవాడే

2007 మే 23. గ్రీసు రాజధాని ఏథెన్స్ నగరం. యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌లో అతి పెద్దదైన చాంపియన్స్ లీగ్ ఫైనల్ అప్పుడే ముగిసింది. ఇటలీకి చెందిన ఏసీ మిలాన్ 2-1 గోల్స్ తేడాతో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌ను ఓడించింది. ఆటగాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుని కేకలు వేస్తున్నారు. పాతికేళ్ల బ్రెజిల్ యువకుడొకడు మాత్రం మైదానంలో మోకరించి రెండు చేతులూ ఆకాశం వైపు చాపాడు. జెర్సీ కింద అతను తొడుక్కున్న తెల్ల టీషర్టు మీద ఇంగ్లిషులో నాలుగే మాటలు: ‘ఐ బిలాంగ్ టు జీసస్’. నేను యేసువాణ్ణి అని అర్థం. కోట్లాది మంది టీవీల్లో ఆ దృశ్యం చూశారు.

గెలిచిన రాత్రి ఆ మాట చెప్పడం సులువే. ఓడిన రాత్రి? అసలు ఆడే అవకాశమే రాని రోజున? ఆ యువకుడి మిగతా జీవితం చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

అతని అసలు పేరు రికార్డో ఇజెక్సన్ డోస్ శాంటోస్ లెయిటె. తమ్ముడికి చిన్నప్పుడు ‘రికార్డో’ అనడం నోరు తిరగక ఏదో పలికితే, అదే ‘కాకా’గా లోకమంతా స్థిరపడింది. ‘కాకా పట్టడం’ అంటే మనకు తెలిసిన అర్థం వేరు. ఈ కాకాకు ఆ అవసరమే రాలేదు, కాళ్లలో అంత ఆట ఉంది. 1982 ఏప్రిల్ 22న బ్రెజిల్ రాజధాని బ్రసీలియా దగ్గర్లోని గామాలో పుట్టాడు. తండ్రి ఇంజనీరు, తల్లి టీచరు. పన్నెండో ఏటనే క్రీస్తును సొంత రక్షకునిగా అంగీకరించాడు. సావోపావ్‌లో క్లబ్‌లో ఆట నేర్చుకున్నాడు.

2000వ సంవత్సరంలో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఈత కొలనులోని జారుడుబల్ల మీద జారి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. కాళ్లూ చేతులూ పడిపోవలసినంత దెబ్బ అది. కానీ కొన్ని నెలల్లోనే కోలుకుని మళ్లీ మైదానంలో నిలబడ్డాడు. 2001 మార్చిలో రియో-సావోపావ్‌లో టోర్నమెంటు ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, రెండు నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ కొట్టి, తన క్లబ్‌కు ఆ కప్పును మొదటిసారి సాధించి పెట్టాడు. తనను బాగుచేసింది దేవుడేనని అప్పటినుంచీ చెబుతూ వచ్చాడు. సంపాదనలో దశమభాగం ఇవ్వడమూ అప్పటినుంచే.

మరుసటి ఏడాది, 2002లో, బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులో ఇరవై ఏళ్ల కాకా ఉన్నాడు. అయితే ఆడింది ఒక్క మ్యాచ్‌లో, కోస్టారికా మీద, అదీ చివరి కొన్ని నిమిషాలే. తక్కినదంతా బెంచ్ మీద కూర్చుని చూడటమే. ఫైనల్ ముగియగానే ఆటగాళ్లు మైదానంలో మోకరించి ప్రార్థించినప్పుడు అతనూ వారితో ఉన్నాడు.

2003లో ఏసీ మిలాన్ అతన్ని దాదాపు 85 లక్షల యూరోలకు కొనుక్కుంది. మొదటి సీజన్లోనే మిలాన్ ఇటలీ లీగ్ గెలిచింది. 2004లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం ఆకలిబాధితుల తరఫున మాట్లాడే రాయబారిగా అతన్ని నియమించింది.

ఆ తరువాత వచ్చింది ఇస్తాంబుల్ రాత్రి. 2005 మే 25, చాంపియన్స్ లీగ్ ఫైనల్. ప్రత్యర్థి అదే లివర్‌పూల్. సగం ఆట ముగిసేసరికి మిలాన్ 3-0 ఆధిక్యంలో ఉంది. మూడో గోల్‌కు కాకా అందించిన పాస్‌ను చూసినవారు నేటికీ మరచిపోరు. కప్పు చేతికి వచ్చేసినట్టే అనుకున్నారంతా. రెండో సగంలో సుమారు ఆరు నిమిషాల్లోనే లివర్‌పూల్ మూడు గోల్స్ కొట్టి సమం చేసింది. పెనాల్టీ షూటౌట్‌లో కాకా తన వంతు గోల్ కొట్టాడు. సహచరులు ముగ్గురు కొట్టలేకపోయారు. మిలాన్ ఓడిపోయింది. అతను తన పని తాను సరిగ్గా చేశాడు, అయినా ఓడాడు.

మనలో చాలామందికి అనుభవమైన బాధే ఇది. ‘నేను నమ్మకంగానే ఉన్నాను గదా ప్రభువా, ఎందుకిలా?’ అని అడగని విశ్వాసి ఉంటాడా?

రెండేళ్ల తరువాత ఏథెన్స్‌లో మిలాన్ గెలిచిన రెండో గోల్‌కు పాస్ అందించింది కాకాయే. ఆ సీజన్ చాంపియన్స్ లీగ్‌లో పది గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచాడు. 2007లో బాలన్ డి ఓర్, ఫిఫా ఉత్తమ ఆటగాడి అవార్డు రెండూ అతనివే. ఆ తరువాత వరుసగా పదేళ్లు బాలన్ డి ఓర్ మెస్సీ, రొనాల్డో ఇద్దరి చేతుల్లోనే తిరిగింది. 2009లో సుమారు 6.5 కోట్ల యూరోలకు స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ అతన్ని తీసుకుంది. అక్కడితో ఆపేస్తే ఇది మనం తరచూ వినే సాక్ష్యాల్లాగే ఉంటుంది.

కానీ మాడ్రిడ్‌లో కథ మారింది. గాయాలు వెంటాడాయి. 2010 ప్రపంచకప్‌లో ఐవరీకోస్ట్ మీద రెడ్‌కార్డు చూశాడు. క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ నెదర్లాండ్స్ చేతిలో ఓడిపోయింది. ఆ ఆగస్టులో మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. 2011 జనవరి దాకా మైదానంలోకి రాలేదు. వచ్చేసరికి అతని స్థానంలో మరొకరు కుదురుకున్నారు. ప్రపంచంలోకెల్లా ఉత్తముడనిపించుకున్నవాడు బెంచ్ మీద కూర్చోవలసి వచ్చింది.

ఇంకోవైపు, తన ఫిఫా ట్రోఫీని బహూకరించిన సంఘానికే మచ్చ పడింది. ఆ సంఘ స్థాపకులు లెక్క చెప్పని డాలర్లతో అమెరికాలో పట్టుబడి శిక్ష అనుభవించారు. 2010లో కాకా ఆ సంఘాన్ని విడిచాడు. క్రీస్తును విడవలేదు. నాయకులు పడిపోతే విశ్వాసమే పడిపోయిందనుకునేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. 2015లో అతని వివాహబంధమూ ముగిసింది. మనం ఆదర్శంగా చూపించే మనిషి కూడా మట్టి పాత్రే. ధనం పాత్ర కాదు, అందులో ఉన్నదే.

2013లో కాకా మిలాన్‌కు తిరిగివచ్చాడు. వచ్చిన వెంటనే మొదటి లీగ్ మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. అప్పుడతను చేసిన పని చూడండి. తాను కోలుకుని మళ్లీ ఆడేదాకా క్లబ్ నుంచి జీతం తీసుకోనని ప్రకటించాడు. ఒప్పందం ప్రకారం ఆ డబ్బు అతనికి రావలసిందే. ఎవరూ అడగలేదు. అయినా వద్దన్నాడు. ఆ రోజు అతని టీషర్టు మీద ఏ మాటా లేదు. ఏథెన్స్‌లో చూపించిన నాలుగు మాటలకు అర్థం ఇక్కడ కనిపించింది.

2014 ప్రపంచకప్ సొంతగడ్డ బ్రెజిల్‌లోనే జరిగింది. జట్టులో కాకాకు చోటు దొరకలేదు. దేశం తరఫున 92 మ్యాచ్‌లు, 29 గోల్స్ దగ్గర లెక్క ఆగిపోయింది. అమెరికాలో ఓర్లాండో సిటీ జట్టుకు కెప్టెన్‌గా మూడు సీజన్లు ఆడి, 2017 డిసెంబరులో ఆటకు వీడ్కోలు పలికాడు.

ఇప్పుడు ఆట నియమాలు కూడా మారాయి. మత, రాజకీయ, వ్యక్తిగత నినాదాలేవీ లోపలి టీషర్టు మీద చూపించకూడదు. చూపిస్తే శిక్ష. నియమం టీషర్టు వరకే. జీవితంతో చెప్పే సాక్ష్యాన్ని ఏ రిఫరీ ఆపగలడు?

మనమూ బండి మీద, ఆటో వెనక, ఇంటి గుమ్మం పైన వాక్యాలు రాయించుకుంటాం. మంచిదే. అయితే ఆ ఆటో మీటరు సరిగ్గా తిరుగుతోందా? ఆ గుమ్మం లోపల పనిమనిషికి జీతం నెల మొదట్లో అందుతోందా? ఆదివారం సాక్ష్యాల సమయంలో ఉద్యోగం వచ్చిందని, వీసా వచ్చిందని, జబ్బు నయమైందని లేచి నిలబడేవారు ఎందరో. దేవునికి స్తోత్రం. కానీ వీసా రాలేదు, బిడ్డ పరీక్ష తప్పాడు, జబ్బు ఇంకా తగ్గలేదు, అయినా నేను ఆయనవాణ్ణే అని చెప్పడానికి లేచేవారు ఎందరు? అలాంటివారు లేచినప్పుడు వినే ఓపిక మన సంఘాల్లో ఉందా?

అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి ఈ సంగతే రాశాడు. బ్రతుకైనా చావైనా మనం ప్రభువుకు చెందినవాళ్లమేనని ఆయన భావం (రోమా 14:8). ఆ లెక్కన గెలుపు, ఓటమి, మైదానం, బెంచ్ అన్నీ అందులోకే వస్తాయి. మనం ఆయనవారమైంది మన ఆట చూసి కాదు. ఆయన మనకోసం వెల చెల్లించాడు గనుక. కొన్నవాడు గాయపడిన ఆటగాణ్ణి అమ్మేసే యజమాని కాదు. ఈ వారం మీరు బెంచ్ మీద కూర్చుని ఉంటే, అక్కడా మీరు ఆయనవారే.