మచ్చ అంచు చెప్పే సంగతి

ఛాతీకి రేడియేషన్ చికిత్స ముగిసిన రెండు మూడు నెలలకు కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. మెట్లెక్కితే ఆయాసం, ఒళ్లు కాస్త వెచ్చన. క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని ఇంటిల్లిపాదికీ గుబులు. ఎక్స్‌రేలో ఏమీ తేలకపోవచ్చు. అప్పుడు డాక్టరు సీటీ స్కాన్ రాస్తారు.

సీటీ చేసేది సాంద్రతను కొలవడం. దాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలతకూ పెట్టారు. అందులో నీరు 0, గాలి మైనస్ 1000. గాలి నిండిన మంచి ఊపిరితిత్తి మైనస్ 800 చుట్టుపక్కల ఉంటుంది. రేడియేషన్ తగిలిన చోట వాపు వచ్చి గాలి తిత్తుల్లో ద్రవం ఊరితే అంకె పెరుగుతుంది, నల్లగా ఉండాల్సిన చోట ఆవిరి పట్టిన అద్దంలా మసక కనిపిస్తుంది. ఇదే రేడియేషన్ న్యుమోనైటిస్.

మసక మామూలు న్యుమోనియాలోనూ వస్తుంది, టీబీలోనూ వస్తుంది. తేడా చాలాసార్లు అంచులో దొరుకుతుంది. ఊపిరితిత్తి సహజంగా కొన్ని భాగాలుగా విడివడి ఉంటుంది. ఆ హద్దులతో కిరణానికి పనిలేదు, తన దారిన తాను పోతుంది. అందుకే ఈ మసక మచ్చ ఆ హద్దులను దాటి, కిరణం పడ్డ మేరకు తిన్నని అంచుతో ఆగుతుంది. రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాతైతే ఛాతీ గోడ వెనకే సన్నని పట్టీలా ఉంటుంది. మెడ కింది గ్రంథులకూ కిరణాలు ఇస్తే మచ్చ ఊపిరితిత్తి పైకొసన పడుతుంది. టీబీకి కూడా అదే ఇష్టమైన చోటు! మన దగ్గర పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఇక్కడే. పలు దిక్కుల నుంచి కిరణాలిచ్చే కొత్త పద్ధతుల్లో అంచు ఇంత స్పష్టంగానూ ఉండదు.

కాబట్టి ఎంత మోతాదు ఇచ్చారన్న ఒక్క ముక్క చాలదు. ఎక్కడ ఇచ్చారో చూపే ప్లాన్ బొమ్మలు, పాత స్కాన్ల సీడీలు అడిగి తీసుకోవాలి. ఫిల్ము మాత్రమే ఇచ్చి పంపితే ఊరుకోవద్దని నా సలహా.

ఆరు నెలలు దాటాక వాపు తగ్గి, ఆ భాగం గట్టిపడి ముడుచుకుంటుంది. రెండేళ్లకు దాదాపు కుదురుకుంటుంది. ముడుచుకోవాల్సిన మచ్చ పెరుగుతున్నా, తిన్నని అంచు బయటికి ఉబ్బినా అనుమానించాలి. అప్పుడు పెట్ స్కాన్, అవసరమైతే బయాప్సీ. పెట్ మరీ తొందరగా చేయిస్తే వాపు కూడా వెలిగి కంగారు పెడుతుంది.

స్కాన్‌లో మచ్చ ఉన్నా దగ్గు, ఆయాసం లేకపోతే చాలామందికి మందే అక్కర్లేదు. ఇబ్బంది ఉంటే స్టెరాయిడ్లు ఇచ్చి, వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. రెండు రోజులకే ఊపిరి ఆడింది కదా అని మాత్రలు ఆపేస్తే ఆయాసం మళ్లీ మొదలవ్వొచ్చు.