వెనుక నడిచే మనిషి

వేలాంగణ్ణి ఆరోగ్యమాత ఉత్సవానికి ఏటా ఆగస్టు 29న ధ్వజారోహణ జరుగుతుంది. సెప్టెంబరు 8న ఉత్సవం ముగుస్తుంది. ఆ దినాలలో పుదుచ్చేరి మీదుగా దక్షిణానికి సాగే కాషాయ వస్త్రధారులు మనకు సుపరిచితులే. నెల్లితోపు (తమిళుల నెల్లి మన ఉసిరియే) నుండి కడలూరు, చిదంబరం, శీర్గాళి, కారైక్కాల్, నాగపట్నం మీదుగా వేలాంగణ్ణికి సుమారు 150 కిలోమీటర్లు.

ఒక సంవత్సరం అటువంటి బృందానికి నీళ్ళబండి సేవకుడుగా వెళ్ళాను. నడిచేవారు ఎందరైనా దొరుకుతారు. నడవక సాయపడేవారే అరుదు! ఎండకు జడిసి వేకువకు ముందే బయలుదేరడం, ఎదుటి వాహనాలు కనబడేలా రోడ్డుకు కుడివైపున నడవడం, మజిలీ మజిలీకి తలలు లెక్కించడం నియమాలు. అందరికంటె వెనుక ఒక సేవకుడు నడవాలి. అతని వెనుక యాత్రికుడెవడూ ఉండరాదు.

కొళ్ళిడం వంతెన దాటాక లెక్కలో ఒక తల తగ్గింది. వెనుక నడవవలసిన వ్యక్తి టీ కోసం ముందుకు వచ్చేశాడు. ఇంకా చీకటి, లారీల రద్దీ. అరగంట వెదకగా, వంతెనకు ఆవల ఒక పెద్దాయన చెప్పులు విడిచి కూర్చుని కనిపించారు. మడమ బొబ్బ చిట్లి నెత్తురు. బండి ఎక్కిస్తారనే భయంతో ముందురోజు నుండి దాచారట.

ఆనాటి నుండి ప్రతి సాయంత్రమూ అందరి పాదాలూ మేమే పరీక్షించాము. అడిగితే ఎవరు చెబుతారు?

ఆయన బండిలో అలిగి కూర్చున్నారు. నాగపట్నంలో కట్టు మార్చాక దిగి, మిగిలిన దూరం నడిచారు. టీకి వెళ్ళినవాడే ఆయన వెనుక నడిచాడు.