టీకా ధర ఎలా దిగివచ్చింది?

ఇచ్చిన రూపాయి ఎంతమందికి అందుతుందన్నది ప్రతి దాతా అడగదగ్గ ప్రశ్న. వైద్యసేవలో దీనికి జవాబు మన మంచి మనసు ఒక్కటే చెప్పదు. ఆ మందును ఎన్ని కంపెనీలు పోటీపడి తయారు చేస్తున్నాయన్నది కూడా చూడాలి. మన హైదరాబాద్‌లోనే ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది.

హెపటైటిస్-బి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్. ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకు, రక్తం ద్వారా ఒకరి నుంచి మరొకరికి సోకుతుంది. జన్యు పరిజ్ఞానంతో తయారైన టీకాకు అమెరికాలో 1986లోనే అనుమతి వచ్చింది. మనకు మాత్రం అది ఏళ్ల తరబడి దిగుమతి సరుకే. డోసు వందల రూపాయలు, మనిషికి మూడు డోసులు. కొనగలిగిన కొద్దిమందికి అమ్మినా లాభం వస్తుంటే, ధర తగ్గించాలని ఏ కంపెనీకి తోస్తుంది?

1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. కొత్త రంగానికి పెట్టుబడి దొరకని ఆ రోజుల్లో ఒమాన్ మంత్రి యూసుఫ్ బిన్ అలవి ఆదుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, సీసీఎంబీలోనూ పరిశోధన సాగింది. 1997లో షాన్‌వాక్-బి టీకా దిగుమతి టీకా కంటే ఎంతో చవకగా మార్కెట్‌లోకి వచ్చింది. కొద్దికాలానికే అదే నగరం నుంచి భారత్ బయోటెక్ కూడా పోటీకి దిగింది.

అప్పటినుంచి లెక్క మారింది. ఒకరు తగ్గిస్తే మరొకరూ తగ్గించక తప్పలేదు. ధర దిగేకొద్దీ కొనేవారు పెరిగారు. ఉత్పత్తి పెరిగేకొద్దీ డోసు ఖర్చు ఇంకా దిగింది. పదుల రూపాయల్లో దొరికే స్థితి వచ్చాక ప్రభుత్వానికీ అది మోయగలిగిన భారమైంది. 2002లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో మొదలైన ఉచిత టీకా 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది.

అయితే పోటీకి ఒక హద్దు ఉంది. కంపెనీలు పోటీపడేది కొనేవారి కోసమే. కొనడానికి రానివారు వారి లెక్కలోకి రారు. పుట్టిన 24 గంటల్లోపు పడాల్సిన డోసు ఇంట్లో ప్రసవమైన బిడ్డకు తప్పిపోవచ్చు. చిన్నప్పుడు టీకా లేని పెద్దలు, మొదటి డోసు తర్వాత కూలి పోతుందని మళ్లీ రాలేనివారు మిగిలిపోతారు.

పోటీ టీకాను చవక చేసింది. దాన్ని చివరి గడపదాకా చేర్చడం సమాజం పని. గర్భిణికి రక్తపరీక్ష, పెద్దలకు టీకా, మూడో డోసు వరకు గుర్తుచేసే ఒక కార్యకర్త: మన విరాళం నిలబడాల్సిన చోట్లు ఇవే. ధర దిగింది కనుక, ఒకప్పుడు ఒక్కరికి సరిపోయిన సొమ్ము ఇప్పుడు ఎందరినో కాపాడగలదు.