రుద్దుడుతో పుట్టిన మెరుపు

ఎండకు వెలిసిన కారు బానెట్ మీద నీళ్లు పోస్తే రంగు ఒక్కసారిగా తేరుకుంటుంది. నీరు ఆరగానే మళ్లీ పాలిపోతుంది. నీరు రంగుకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. పైపొరలోని సన్నని గుంటలను కాసేపు పూడ్చింది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఉపరితలంలోని ఎగుడుదిగుళ్లు అంతకన్నా బాగా చిన్నవైతే కాంతి ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది, మనం దాన్ని మెరుపు అంటాం. పెద్దవైతే నలుదిక్కులా చెదురుతుంది. ఆ చెదిరిన తెల్లని వెలుగు అసలు రంగుతో కలిసి దాన్ని వెలిసినట్టు చూపిస్తుంది. అంటే వెలిసిన కారులో ముందుగా పోయేది నునుపు. పాడైన పొరను తీసేస్తేనే ఆ నునుపు తిరిగి వస్తుంది. అందుకే పాత రంగును చేత్తో రుద్దడాన్ని పైపై మెరుగుగా కొట్టిపారేయకూడదని నా వాదన. కారు రంగు మెరుపుతో పుట్టిందే రుద్దుడువల్ల.

కార్లు వచ్చిన కొత్తలో వాటికి గుర్రపు బగ్గీలకు వేసే వార్నిష్ రంగులే వేసేవారు. ఒక పొర పూసి, ఆరేదాకా ఆగి, రుద్ది, మళ్లీ పూయాలి. ఒక్కో కారుకు వారాలు పట్టేది. అసెంబ్లీ లైన్ ఎంత వేగంగా నడిచినా రంగు ఆరే దగ్గర పని నిలిచిపోయేది. ఈ చిక్కు విప్పిన పదార్థం నైట్రోసెల్యులోజ్. మొదటి ప్రపంచ యుద్ధంలో పొగరాని తుపాకీమందుగా డ్యూపాంట్ కంపెనీ దాన్ని విస్తారంగా తయారు చేసింది. దాని ద్రావణం మరీ చిక్కగా ఉండేది. స్ప్రే చేయాలంటే ద్రావకం ఎక్కువ కలపాలి, అప్పుడు మిగిలే పొర మరీ పలచన. 1920లో న్యూజెర్సీలోని పార్లిన్‌లో ఆ ద్రావణం అనుకోకుండా పలచబడింది. దాంతో ఎక్కువ రంగును ఒకే పూతలో చల్లే వీలు చిక్కింది. జనరల్ మోటార్స్‌తో కలిసి తీర్చిదిద్దిన ఆ లక్కర్ డ్యూకో పేరుతో 1923లో ఓక్లాండ్ బ్రాండ్ కార్ల మీదికి, ‘ట్రూ బ్లూ’ నీలంలో వచ్చింది. వారాల పని గంటల్లోకి దిగింది.

ఆ వేగంలోనే ఒక లోపం ఉంది. డ్యూకో గట్టిపడటానికి ద్రావకం ఎగిరిపోతే చాలు. అంత త్వరగా ఆరిపోతే చల్లిన తుంపరలు పరుచుకుని చదునయ్యే వ్యవధి ఉండదు. పెయింటర్లు ఆరెంజ్ పీల్ అనే గరుకు తేలుతుంది. వాటర్ పేపర్‌తో ఆ గరుకు తీసి, రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దితేగాని నిగనిగ వచ్చేది కాదు. ఏళ్ల తరువాత పాత కారును రుద్దేవాడు చేసేది ఆ మొదటి రోజు పనే. న్యూటన్ 1704లో తన ‘ఆప్టిక్స్’లో గాజు పాలిష్ గురించి చెప్పింది కూడా ఇదే: పాలిష్ గీతలను చెరిపేయదు, కంటికి ఆననంత చిన్నవి చేస్తుంది. తరువాత జార్జ్ బీల్బీ వంటి శాస్త్రవేత్తలు పాలిష్ చేసేటప్పుడు పైపొర కరిగినట్టు పారి గుంటలు నింపుతుందని వాదించారు. లోహాల మీద జరిగిన పరీక్షల్లో మాత్రం సన్నని కోత పాత్రే ఎక్కువని తేలింది. కారు రంగు విషయంలో ఈ కోత గుడ్డ మీదే కనిపిస్తుంది. పాత ఎర్ర కారును కాంపౌండ్ అద్దిన తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డ ఎర్రబడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు పొడిని పట్టి ఉంచే రెజిన్‌ను తెంచేశాయి. పట్టు వదిలిన పొడి, పాత సున్నపు గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటినట్టు, చేతికి అంటుతుంది. ఆ పొడి పొర కింద ఎండ అంతగా చొరబడని రంగు ఇంకా నిలిచే ఉంటుంది.

మరి రుద్దిన ప్రతిసారీ రంగు తరుగుతుంది కదా అంటే, నిజమే. కారు మీద ఉన్న మొత్తం రంగు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. దాన్ని తిరిగి పెంచే పాలిష్ ఏదీ లేదు. అయితే చేత్తో ఓపిగ్గా రుద్దితే పోయేది కొద్ది మైక్రాన్లే, అందులోనూ ఎక్కువ భాగం ఇప్పటికే పట్టు వదిలిన పొడి. వ్యాక్స్ ఒక్కటే పూస్తే సరిపోదా అని కూడా అడుగుతారు. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం మంచి రక్షణే. కానీ పొడిబారిన పొర మీద పూస్తే అది నీళ్లు చేసిన పనినే మరికొన్ని వారాలు చేస్తుంది. ముందు రుద్ది, ఆ తరువాతే వ్యాక్స్ పట్టించాలి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం యంత్రం వైపునుంచి వస్తుంది. మెషిన్ గంటలో చేసేది చెయ్యి రోజంతా చేసినా పూర్తికాదు. 1980ల నుంచి వ్యాపించిన క్లియర్ కోట్ కార్ల మీద ఈ మాట చాలావరకు ఒప్పుకోవాలి. రంగు మీద కప్పే ఆ పారదర్శక పొర గట్టిది, దాని లోతైన గీతలకు చెయ్యి చాలదు. డ్యూకో తరహా పాత లక్కర్ సంగతి వేరు. అది వేడికి మెత్తబడుతుంది. వేగంగా తిరిగే ప్యాడ్ ఒకేచోట ఆగితే రంగు కాలుతుంది. బానెట్ అంచుల మీద, డోరు మలుపుల మీద రంగు పలచగా ఉంటుంది కనుక అక్కడే ముందుగా కింద ఉన్న ప్రైమర్ బయటపడుతుంది. చెయ్యి ఒరిపిడిని తెలుసుకుని ఆగగలదు. కారును నీడన పెట్టి, రేకు చల్లారాక, బానెట్‌ను చిన్న భాగాలుగా చేసుకుని, వేళ్ల ఒత్తిడి గాళ్లుగా పడకుండా స్పాంజ్ ప్యాడ్‌తో నిలువుగా, అడ్డంగా రుద్దాలి. ప్రతి భాగం తుడిచాక ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడాలి. ఆ లైటు అంచు మసకగా చెదిరితే ఇంకా గరుకు ఉన్నట్టు. గీసినట్టు తేటగా కనిపిస్తే అక్కడితో ఆపేయాలి.

క్లియర్ కోట్ కారును గుర్తించడానికీ ఆ తెల్లగుడ్డే చాలు. రుద్దినా గుడ్డకు రంగు అంటకపోతే పైన పారదర్శక పొర ఉన్నట్టే. దాని మందం సుమారు 40 మైక్రాన్లు, ఎండను ఆపే రసాయనాలూ అందులోనే ఉంటాయి. కనుక అక్కడ తేలికపాటి పాలిష్‌కు మించి వెళ్లకూడదు. రూఫ్ మీద, బానెట్ మీద ఆ పొర తెల్లగా పొరలుపొరలుగా లేస్తుంటే రుద్దడానికి మిగిలిందేమీ లేదు. ఆ భాగానికి మళ్లీ రంగు వేయించాల్సిందే.