తెర ఆగిపోతే సీటు పోయినట్టేనా?

న్యాయవిద్య ప్రవేశ పరీక్ష లాసెట్ దగ్గరపడిందంటే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఒకటే మాట: "అన్నా, సిస్టమ్ హ్యాంగ్ అయితే రాసిందంతా పోతదట కదా?" ఈ 'అట' వల్లే పిల్లలు సగం ధైర్యం పోగొట్టుకుంటున్నారు. ఇలాంటి అపోహల్లో కొన్నింటి సంగతి ఇక్కడ తేల్చుకుందాం.

అపోహ: కంప్యూటర్ ఆగితే జవాబులన్నీ గల్లంతే.
వాస్తవం: 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కిన జవాబు సర్వర్‌లో భద్రంగా ఉంటుంది. పక్కనున్న నంబర్ల పట్టికలో ఆ గడి ఆకుపచ్చగా మారుతుంది. వేరే సిస్టమ్‌లో కూర్చోబెట్టినా సాధారణంగా ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఆప్షన్ పెట్టి, సేవ్ నొక్కకుండా పట్టికలో ఇంకో నంబరు మీదికి దూకితేనే ఆ జవాబు పోతుంది. అది కంప్యూటర్ తప్పు కాదు, తొందరపాటు.

అపోహ: గొడవ జరిగితే కోర్టు మళ్లీ పరీక్ష పెట్టిస్తుంది.
వాస్తవం: 2018 మే 13న జరిగిన క్లాట్, అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష, గుర్తుచేసుకోండి. మన శామీర్‌పేట నల్సార్ సీట్లూ ఆ పరీక్షతోనే భర్తీ అవుతాయి. ఆ ఏడు కొచ్చిలోని న్యాయ విశ్వవిద్యాలయం నిర్వహించింది. తెరలు ఆగిపోయాయి, లాగిన్‌లు మొరాయించాయి, దేశమంతటా పిల్లలు విలువైన నిమిషాలు కోల్పోయారు. మళ్లీ పరీక్ష పెట్టాలని కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు, కౌన్సెలింగ్‌నూ ఆపలేదు. ఎవరికి ఎంత సమయం పోయిందో లెక్కగట్టి, మార్కులు కలపమంది.

అప్పటి లెక్క ఇలా ఉండేది. 120 నిమిషాల్లో ఒకరికి 20 పోయాయనుకుందాం. మిగిలిన 100 నిమిషాల్లో 90 ఒప్పు, 40 తప్పు. తప్పుకు పావు మార్కు కోత పోగా 80. అంటే నిమిషానికి 0.8 చొప్పున పోయిన 20 నిమిషాలకు 16 మార్కులు కలుస్తాయి. ఒక్క మార్కుకే ర్యాంకు తారుమారయ్యే చోట 16 మార్కులు చిన్న విషయం కాదు. అయితే పోయిన సమయానికి ఆధారం ఉంటేనే ఈ లెక్క.

అపోహ: ఇంటికెళ్లాక ఫిర్యాదు పెడితే సరిపోతుంది.
వాస్తవం: ఆలస్యమయ్యే కొద్దీ మాట పలుచనవుతుంది. తెర ఆగగానే చెయ్యెత్తండి. అప్పుడు ఎంత సమయం మిగిలి ఉందో రఫ్ పేపర్ మీద రాసుకోండి, మళ్లీ మొదలైనప్పుడూ రాసుకోండి. ఇన్విజిలేటర్ నొచ్చుకుంటారని మొహమాటపడకండి.

అపోహ: టైము పోయింది కాబట్టి మిగతావి వదిలేయడమే.
వాస్తవం: లాసెట్‌లో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. క్లాట్‌లో మాత్రం తప్పుకు పావు మార్కు పోతుంది, అక్కడ గుడ్డిగా పెట్టొద్దు.

అపోహ: మెట్రో ఉంది, ఆలస్యమే కాదు.
వాస్తవం: మియాపూర్ నుంచి వచ్చే మెట్రో ఎల్బీనగర్‌లోనే ఆగిపోతుంది. సెంటరు హయత్‌నగర్ దాటో, ఇబ్రహీంపట్నం వైపో పడితే ఆ పైన బస్సో ఆటోనో పట్టాల్సిందే. ముందురోజే ఒకసారి వెళ్లి చూసి రండి.

ఇక పరీక్షలో అంతరాయం వస్తే మీ పేరు, హాల్‌టికెట్ నంబరు, పోయిన నిమిషాలు సెంటరు రికార్డులో రాయించండి. అది రాయించకుండా హాలు గడప దాటకండి.