బోరు ఎండలేదు, డ్రైవ్‌లో అంకె తప్పింది!

మోటారు తిరుగుతోంది. పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. పైపులో మాత్రం చుక్క లేదు. ఇలా జరిగితే మీరేమనుకుంటారు? ‘ఇంకేముంది, బోరు ఎండిపోయింది’ అనేగా! మన అనంతపురం జిల్లా రైతుకు మొదట వచ్చే ఆలోచన అదే. మరో బోరు కోసం అప్పుకు తిరగడం మొదలవుతుంది. మీ మోటారుకు ఇన్వర్టరు, దానికి పి.ఎల్.సి. ఉంటే మాత్రం రిగ్గును పిలిచే ముందు డ్రైవ్ మీద కనిపించే హెర్ట్జ్ అంకె ఒక్కసారి చూడండి.

ఇన్వర్టరంటే ఇంట్లో బ్యాటరీతో లైట్లు వెలిగించేది కాదండోయ్. మోటారు వేగాన్ని పెంచి తగ్గించే పెట్టె. మెకానిక్కులు డ్రైవ్ అంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద సబ్‌మెర్సిబుల్ మోటారు నిమిషానికి దాదాపు 2,850 చుట్లు తిరుగుతుంది. హెర్ట్జ్ తగ్గితే చుట్లూ తగ్గుతాయి. ఎంత ఇవ్వాలో డ్రైవ్‌కు చెప్పేది పి.ఎల్.సి.

నలుగురు కలిసి ఒకే బోరు మీద డ్రిప్ వేసుకున్నారనుకోండి. ఒకరిది ఎకరన్నర, మరొకరిది అరెకరం. అరెకరం వాల్వు ఒక్కటే తెరిచి పూర్తి వేగంతో నడిపితే ఒత్తిడి పెరిగి లేటరళ్ల జాయింట్లు ఊడిపోతాయి. ఫిల్టరు తర్వాత బిగించిన ప్రెషర్ సెన్సార్‌ను చూసుకుంటూ పి.ఎల్.సి. వేగాన్ని సర్దుతుంది. పొలమంతా ఒకటే బ్లాకు అయితే ఈ ఖర్చు దండగే. కరెంటు ఉచితం కనుక బిల్లులో కలిసొచ్చేదీ లేదు.

మీ బోరుకు కనిష్ఠ వేగం ఎంత?

అసలు కిటుకు ఇక్కడుంది. వేగం కొంచెం తగ్గిస్తే నీళ్లూ కొంచెమే తగ్గుతాయనుకుంటాం. కానీ పంపు నీటిని ఎత్తగలిగే ఎత్తు అంతకంటే జోరుగా పడిపోతుంది. డెలివరీ మూసినప్పుడు 50 హెర్ట్జ్ మీద 300 అడుగులు ఎత్తే పంపు, 45 మీద 243 అడుగులే ఎత్తుతుంది. 40 మీద 192. మీ బోరులో నీటిమట్టం 200 అడుగుల లోతున ఉంటే, 40 హెర్ట్జ్‌కు నీరు పైకే రాదు! డ్రిప్‌కు కిలో ఒత్తిడి కావాలంటే ఇంకో 33 అడుగులు. అంటే 44 దాటాలి. పైపు రాపిడి, ఫిల్టరు కలుపుకుంటే 46 అనుకోండి. లోతు బోర్లలో డ్రైవ్ ఆడుకునే జాగా నాలుగైదు హెర్ట్జే మరి.

నీరు కదలకుండా మోటారు తిరుగుతూ ఉంటే చల్లదనం అందక వైండింగు కాలుతుంది. 30 హెర్ట్జ్ కంటే దించితే అడుగున బరువు మోసే బేరింగులో నీటి పొర నిలవక అరిగిపోతుంది. 50 పైకీ పోనివ్వకండి. 55 పెడితే మోటారు మీద బరువు మూడో వంతు పెరుగుతుంది.

మెకానిక్కును దగ్గర పెట్టుకుని, అన్నిటికంటే చిన్న బ్లాకు తెరిచి, డ్రైవ్ బటన్లతోనే 50 నుంచి ఒక్కొక్క హెర్ట్జే తగ్గిస్తూ రండి. గేజీలో ఒత్తిడి కిలోకు దిగిన చోట ఆగండి. ఆ అంకే మీ కనిష్ఠం. ఈ పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో, నీటిమట్టం బాగా దిగినప్పుడు చేయాలి. వానలు పడి నీరు పైకొచ్చాక మళ్లీ చూసి సర్దుకోవచ్చు.

రెండు తీగల్లో వెళ్లే మాట

పి.ఎల్.సి. తన మాటను 4 నుంచి 20 మిల్లీ యాంపుల చిన్న కరెంటుగా పంపుతుంది. బిగించినవారు 4కు సున్నా, 20కి 50 హెర్ట్జ్ అని వదిలేసి పోయారనుకోండి. సగం సంకేతం, అంటే 12 వస్తే మోటారు 25 హెర్ట్జ్ మీద తిరుగుతుంది. మొదట చెప్పుకున్న ‘ఎండిన బోరు’ ఇదే! పై ఉదాహరణ ప్రకారమైతే 4కు 46, 20కి 50 అని డ్రైవ్‌లోనూ, పి.ఎల్.సి.లోనూ ఒకే లెక్క పెట్టించాలి. మీ ఎదుటే 4, 12, 20 పంపించి, డ్రైవ్ మీద 46, 48, 50 చూపించాకే డబ్బు చేతిలో పెట్టండి.

కొందరు మోడ్‌బస్ అనే పద్ధతిలో అంకెనే పంపుతారు. అందులో ఒక రకం డ్రైవ్‌కు 50 హెర్ట్జ్ అంటే 5000, మరో రకానికి నూటికి నూరు అన్న లెక్కన 10000. డ్రైవ్ మారిస్తే పి.ఎల్.సి. లెక్కా మార్చాల్సిందే.

ఇంకో మెలిక. ‘తిరుగు’ అన్న ఆజ్ఞ, ‘ఇంత వేగం’ అన్న ఆజ్ఞ ఎక్కడినుంచి తీసుకోవాలో డ్రైవ్‌లో వేర్వేరు సెట్టింగులుంటాయి. మొదటిది మార్చి రెండోది మరిస్తే మోటారు పి.ఎల్.సి. చెప్పగానే మొదలవుతుంది గానీ, వేగం మాత్రం బటన్లతో పెట్టినంతే ఉండిపోతుంది.

సంకేతం తీగకు జాలీ కవచం ఉన్న కేబులే వాడండి. మోటారు కేబులుతో కలిపి ఒకే గొట్టంలో వేయవద్దు. ఎలుకలు కొరికి తీగ తెగితే సంకేతం 4 కంటే దిగుతుంది, అప్పుడు మోటారు ఆగిపోయేలా పెట్టించండి.

చివరగా కెపాసిటర్ సంగతి. గతంలో మోటారుకు బిగించినది అలాగే ఉంటే విప్పించండి. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య కెపాసిటర్ ఉంటే డ్రైవ్ పదేపదే ట్రిప్పవుతుంది, కాలిపోనూవచ్చు. విప్పినదాన్ని పారేయకండి. డ్రైవ్ చెడిపోయి నాలుగు రోజులు పాత స్టార్టరు మీద నడపాల్సి వస్తే దానితో పని పడుతుంది.