తేరుకోనిస్తే తేటవుతుంది

బియ్యం కడిగిన నీళ్లు కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి మడ్డి చేరుతుంది. పైనీళ్లు తేటబడతాయి. వంటింట్లో మనం రోజూ చూసే ఈ సంగతే ఊరి చెరువుకూ వర్తిస్తుంది.

తొలకరికి రోడ్డు మీద పారే నల్లటి నీళ్లు చూస్తుంటాం కదా! అది ఉత్త మట్టి కాదు. టైర్లు అరిగిన పొడి, బ్రేకుల నుంచి రాలిన రాగి, పైకప్పు రేకుల మీది జింకు, నూనె జిడ్డు అన్నీ అందులో ఉంటాయి. లోహాలు ఎక్కువగా సన్నటి రేణువులనే అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి.

చిక్కంతా అక్కడే. నిలిచిన నీటిలో మిల్లీమీటరులో పదోవంతు ఉండే ఇసుక రేణువు మీటరు లోతుకు దిగడానికి సుమారు 2 నిమిషాలు చాలు. దానికన్నా 10 రెట్లు చిన్నదానికి 3 గంటలు పడుతుంది. ఇంకో 10 రెట్లు సన్నదైన బంకమట్టికి పది రోజులు దాటుతుంది! ఈ లెక్కకు ఆధారం 1851లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం.

అందుకే మడ్డి దిగాలంటే నీటికి తీరిక కావాలి, పరుచుకునే చోటు కావాలి. నీరు వచ్చే తూము, పోయే తూము పక్కపక్కనే ఉంటే లాభం లేదు, వచ్చిన నీరు వచ్చినట్టే వెళ్లిపోతుంది. హుస్సేన్ సాగర్‌లోకి నాలాలు మోసుకొచ్చిన మడ్డి అడుగున పేరుకున్నదీ ఇలాగే. చెరువు పూడ్చి ప్లాట్లు వేస్తే ఆ మడ్డి దిగువవాళ్ల ఇళ్లకే కదా చేరేది?

దిగిన మడ్డిని తీసేయడం మరో ఎత్తు. మా వీధిలో ఏటా వేసవిలో కాలువ పూడిక తీస్తారు. తీసింది గట్టు మీదే కుప్పపోసి వెళ్తారు. మొదటి వానకే అదంతా మళ్లీ కాలువపాలు! ఈలోగా పిల్లలు అందులో ఆడతారు. మంచి ఒండ్రని కొందరు పెరట్లో తోటకూర మడికి వేసుకుంటారు. పల్లె చెరువు ఒండ్రు వేరు, రోడ్డు కాలువ మడ్డి వేరండీ. సీసం కలిపిన పెట్రోలు 2000లోనే ఆగిపోయినా, మట్టిలో చేరిన సీసం అంత తేలిగ్గా పోదు.

మన ఇంట్లో చేయగలిగిందీ ఉంది. డాబా మీది తొలివాన నీటిని ఇంకుడు గుంతలోకి పోనివ్వకుండా బయటికి వదిలేయాలి. గుంతకు ముందు చిన్న తొట్టి కట్టించి, మడ్డి అందులో దిగాక పైనీరే గుంతలోకి వెళ్లేలా చూడాలి. వానల ముందు ఆ తొట్టిని శుభ్రం చేసుకోవాలి.

ఇక వీధి సంగతి. పూడిక తీసిన రోజే మట్టి ఎత్తించమని నలుగురం కలిసి అడుగుదాం. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు, వీధంతా అడిగితే వినక తప్పదు. ఏమంటారు?